గోడ మీది పన్నెండు మాటలు

సాంబయ్యకు కాగితం మీద నమ్మకం లేదు. సిరిసిల్లలో ముప్ఫై ఏళ్లుగా సేటువి రెండు మరమగ్గాలు కూలికి నడుపుతున్నాడు. ముఖ్యమైన సంగతేదైనా, తానుల మీద గుర్తులు పెట్టే మార్కర్‌తో మగ్గాల వెనక గోడ మీద రాసుకోవడమే అలవాటు. నేసిన మీటర్లు, సేటు ఫోన్ నంబరు, బిడ్డ పుట్టిన గడియ, అన్నీ అక్కడే. ఏనాడూ ఒక్క మీటరు తేడా రాలేదు మరి.

జగిత్యాల మొబైల్ షాపులో పనిచేసే కొడుకు దినేశ్ వచ్చి, తండ్రి పొదుపు సొమ్మంతా క్రిప్టోలో పెట్టించాడు. దసరా దాటాక సేటు ఆ రెండు మగ్గాలనూ అమ్మేస్తాడట. అవి కొనుక్కుని, చచ్చేలోపు ఒక్కసారైనా సొంత మగ్గం మీద నెయ్యాలని సాంబయ్య కడుపు కట్టుకుని దాచిన సొమ్మది.

"గీ పన్నెండు ఇంగ్లీషు మాటలే తాళంచెవి బాపు," అంటూ దినేశ్ చీటీ చేతిలో పెట్టాడు. "ఎవలికి దొరికితే పైసలు వాళ్లయే. పైలంగ పెట్టు."

"పోతే బ్యాంకోళ్లు ఇంకోటి ఇయ్యరా?"

"దీంట్ల బ్యాంకోళ్లు ఉండరు. నీకు నువ్వే బ్యాంకు."

ఆ మాటకు సాంబయ్య ఛాతీ ఉబ్బిపోయింది. కొడుకు బస్సెక్కగానే అక్షరం అక్షరం చూసి గోడకెక్కించాడు, చీటీ చింపేశాడు. పాపం, అంతకన్నా భద్రమైన చోటు ఆయనకేం తెలుసు!

నెల తిరిగేసరికి గోడంతా నూలు దుమ్ము పట్టింది. ఒక పొద్దున చూస్తే ఆ పన్నెండు మాటల మీద మాత్రం దుమ్ము లేదు. పెళ్లానికి ఎంత శ్రద్ధో అని మురిసిపోయాడు.

మధ్యాహ్నం బువ్వ తెచ్చిన శంకరవ్వతో ఆ మాటే అన్నాడు. "గోడ మంచిగ తుడిచినవ్."

"నేనెక్కడ తుడిచిన? నువ్వే తుడిచినవనుకున్న."

సాంబయ్య మగ్గాలు ఆపేసి కొడుక్కి ఫోన్ చేశాడు. దినేశ్ తన ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి చూశాడు.

"బాపు... అండ్ల ఏం లేదు."

"ఎవల్ని అడగాలె? చెప్పు, ఇప్పుడే పోత."

"అడిగెటందుకు ఎవలు లేరు బాపు."

షెడ్డు తాళం పగల్లేదు. పన్నెండు మాటలూ గోడ మీద ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంతలో పక్క షెడ్డు గంగారాం, ముప్ఫై ఏళ్ల దోస్తు, రోజూలాగే తంబాకు కోసం వచ్చాడు.

"ఏందే సాంబన్న, మగ్గాలు బంద్ పెట్టినవ్?"

సాంబయ్య మొదటిసారి అతని మొహం కాకుండా వేళ్లు చూశాడు. వేళ్లకు నూలు దుమ్ము ఉంది. ఆ వాడలో దుమ్ము అంటని చెయ్యి ఒక్కటీ లేదు.