మెట్ల మీద ఒక్కడే మాట్లాడాలి

మెట్ల మీద బీరువా మోసేటప్పుడు ఇద్దరిలో ఒక్కడే మాట్లాడాలి, అదీ పైన పట్టుకున్నవాడు. కిందివాడికి కాలి ముందు ఏముందో కనబడదు, బరువు మాత్రం ఎక్కువగా వాడి మీదే ఉంటుంది. అందుకని వాడు నోరు మూసుకుని అడుగు వేస్తే, పైవాడు "మెట్టు, మెట్టు, మలుపు" అని చెబుతుండాలి. ఇళ్ల సామాన్లు మార్చే ఈ పనిలో పదకొండేళ్లుగా పైవాణ్ణి నేను, కిందివాడు మా అక్క మొగుడు. బావకి నాకంటే బలమెక్కువ. నోరు మాత్రం ఇద్దరికీ సరిపడా దేవుడు నాకే ఇచ్చాడు.

బావకి నడుము నొప్పి మొదలై మూడు వారాలైంది. ఆస్పత్రి డాక్టరు మాత్రలు రాసి, తగ్గకపోతే స్కాన్ తీద్దామన్నాడు. తగ్గలేదు. అక్క సోమవారానికి స్కాన్ కూడా మాట్లాడింది. నేనే అడ్డం పడ్డాను. రెండేళ్ల క్రితం నా నడుము పట్టేస్తే, చేతులతో వెన్ను సర్దే కైరోప్రాక్టర్ ఒకాయన మూడు పూటల్లో లేపి నిలబెట్టాడు. అప్పట్నుంచీ నాకు ఆస్పత్రి అంటే కత్తి, ఆయనంటే దేవుడు.

"స్కాన్ తీస్తే ఏదో ఒకటి కనబడుతుందే అక్కా. కనబడితే కోస్తామంటారు."

"నీ నడుమూ ఆయన నడుమూ ఒకటేనట్రా?"

"ఒకే బీరువాలు మోసిన నడుములేగా!" అని నవ్వాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

శనివారం పొద్దున బావని వ్యానులో తీసుకెళ్లాను. దారిలో మెల్లగా అన్నాడు, "కూర్చునే చోటంతా మొద్దుబారిందిరా. రాత్రి నుంచి ఒంటేలు కూడా సరిగా రావట్లేదు."

"మాత్రల వేడి బావా. ఆయన చెయ్యి పడితే అన్నీ దారికొస్తాయి."

ఆ కైరోప్రాక్టర్‌ని ఒక్క మాట అనడానికి లేదు. బావ మీద చెయ్యి వేయకముందే కాగితం చూస్తూ అడిగాడు. "కాళ్ల మధ్య మొద్దుబారడం, ఒంటేలు ఆగిపోవడం, కాళ్లలో పట్టు తగ్గడం. వీటిలో ఏ ఒక్కటున్నా నేను ముట్టుకోను. ఇటు నుంచి ఇటే ఆస్పత్రికి వెళ్లాలి. ఏమైనా ఉన్నాయా?"

బావ నా వైపు చూశాడు. కింది నుంచి పదకొండేళ్లుగా చూసే చూపే అది.

"అబ్బే, అలాంటివేం లేవండీ," అన్నాను.

"మీరు చెప్పండి," అన్నాడాయన బావతో.

"వాడు చెప్పాడుగా," అన్నాడు బావ.

ఆ మాట నమ్మి ఆయన వెన్ను సర్ది పంపాడు. ఆదివారం సాయంత్రం బావ మంచం దిగబోయి కూలబడ్డాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే ఆ పూటే ఆపరేషన్ చేశారు. వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ల జారి నరాలను నొక్కేసిందనీ, మొద్దుబారడం మొదలైన రోజే వచ్చుంటే నడిచే అవకాశం బాగా ఉండేదనీ పెద్ద డాక్టరు చెప్పాడు. "ముందే ఏమీ తెలియలేదా?" అని ఆయన అడిగితే అక్క తల అడ్డంగా ఊపింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

ఐదు వారాలకి బావని చక్రాల కుర్చీలో ఇంటికి తెచ్చాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పైన పట్టుకోవడానికి పనివాణ్ణి ఒకణ్ణి పిలిచి, మొదటిసారి నేను కింద పట్టుకున్నాను. కుర్చీ అడ్డమొచ్చి నాకు మెట్లు కనబడలేదు. నాకెదురుగా కూర్చున్న బావే వంగి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"మెట్టు. మెట్టు. మలుపు."

రెండో మలుపు దగ్గర ఇక ఆగలేక, వెనకే ఎక్కుతున్న అక్కని పిలిచాను. "అక్కా, నీకొకటి చెప్పాలి."

"మెట్ల మీద కిందివాడు మాట్లాడకూడదురా," అన్నాడు బావ. "మెట్టు."

గుమ్మంలో కుర్చీ దించాక, చేతులు ఖాళీ అయ్యాక, వ్యానులో విన్న మాట, నేనాడిన అబద్ధం, అంతా అక్కతో చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. అక్క బావ ముందు కూలబడి ఆయన మోకాళ్లు పట్టుకుంది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ."

"వాడితో చెప్పాను కదే," అన్నాడు బావ.