బొట్టు పెట్టిన సైకిల్

శుక్రవారం పొద్దున, అరబ్బు దేశంలో తాను పనిచేసే అల్ వక్రాలో చేపల రేవుకు పోయే దారిలో రాజేశం తన సైకిల్‌ను చూశాడు. చిన్న కిరాణా కొట్టు ముందు గోడకు ఆనించి ఉంది. నల్ల రంగు, ముందు బుట్ట, హ్యాండిల్ మధ్యలో పసుపు, దాని మీద ఎర్రటి కుంకుమ బొట్టు.

రాజేశం విల్లాల్లో చెట్లకు నీళ్ళు పట్టే పని చేస్తాడు. ఒక విల్లా నుంచి ఇంకో విల్లాకు సైకిల్ మీదే తిరిగేవాడు. నెల కిందట మెట్రో స్టేషన్ బయట ఎవరో తాళం కోసి దాన్ని ఎత్తుకుపోయారు. అప్పటి నుంచి ఎండలో నడకే. కొండగట్టు అంజన్నను తలుచుకుని ప్రతి మంగళవారం సైకిల్‌కు బొట్టు పెట్టడం అతని అలవాటు. ఈ దేశంలో అలా పెట్టేవాడు ఇంకెవడుంటాడు?

“అంజన్నా, నువ్వే సూపిచ్చినవ్” అని చెంపలు వేసుకున్నాడు. తాళం కూడా వేసి లేదు. ఎక్కి తొక్కుకుంటూ వచ్చేశాడు. రూముకు చేరగానే ఊళ్ళో ఉన్న భార్య నర్సవ్వకు ఫోన్ చేశాడు.

“దుబాయ్‌ల పోయిన వస్తువు గూడ దొరుకుతదా! దేవుడున్నడయ్యా” అని ఆమె సంబరపడింది. ఆమెకు అరబ్బు దేశం ఏదైనా దుబాయే.

అదే రూములో ఉండే రత్నాకర్ లుంగీ ఎగ్గట్టుకుని బయటికి వచ్చాడు. వాళ్ళ మండలంవాడే. సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

“కాకా, దొంగోడు మంచోడే. కొత్త టైర్లు ఏశిచ్చిండు.”

“ఏశిచ్చుకోనీ తియ్.”

“పసుపు గూడ కొత్తగ పూశిండు. నిమ్మకాయ గట్టిండు. సూడు, ఇంక ఎండలే. దొంగోడు పూజ జేసుకుంటడా కాకా?”

రాజేశం వంగి హ్యాండిల్‌ను ముట్టుకున్నాడు. వేలికి పసుపు అంటింది. నెల కింద పోయిన సైకిల్‌కు పసుపు ఇంత పచ్చగా ఎలా ఉంటుంది? వెనక మడ్‌గార్డ్‌కు తాను కట్టిన ఇనుప తీగ కోసం వెతికాడు. లేదు. అక్కడే గడప మీద కూలబడ్డాడు.

“ఇది నాది కాదు రత్నా.”

రత్నాకర్ నవ్వు ఆగిపోయింది. “కొట్టు ముందట కెమెరా ఉందా?”

ఉంది. తలుపు మీద గుండ్రంగా, నల్లగా. దాని ముందే తాను తీరిగ్గా ఎక్కి వచ్చాడు. దొంగతనం కేసు, జైలు, వేలిముద్రలు, ఆ తర్వాత విమానం. మళ్ళీ ఈ దేశంలోకి రానివ్వరు. ఊళ్ళో దిగి ఏమని చెప్పాలి? సైకిల్ దొరికిందని నర్సవ్వ ఈపాటికి వాడకట్టంతా చెప్పి ఉంటుంది.

“పసుపు తుడిషేసి యాడన్న సందుల ఇడ్శిపెట్టి రా” అన్నాడు రత్నాకర్ గొంతు తగ్గించి.

“ఇడ్శిపెడ్తే ఇంకోడు ఎత్కపోతడు. గా మనిషి నా లెక్కనే ఎండల నడ్వాలె.”

“నడ్వనియ్. నువ్వు జైలుకు పోతవా మరి?”

రాజేశం లేచి సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు. దేవుడు చూపించాడని అనుకున్నాడు. చూపించింది దేవుడా, తన ఆశా? అలా అడగడానికి కూడా భయం వేసింది.

ఎక్కే ధైర్యం లేక సైకిల్‌ను నెట్టుకుంటూ బయలుదేరాడు. వెనక వచ్చే ప్రతి బండీ పోలీసులదే అనిపించింది. రౌండబౌట్ దగ్గర నిజంగానే పోలీసు బండి వచ్చింది. నెమ్మదించి ఆగింది. అద్దం దిగింది. రాజేశం చేతులు హ్యాండిల్‌కు అతుక్కుపోయాయి. పెదవుల మీద అంజన్న పేరు సగంలో ఆగింది.

“యల్లా, యల్లా” అని లోపలి మనిషి చెయ్యి ఊపాడు. దాటి పొమ్మని చెప్పాడని రోడ్డు దాటాక గాని రాజేశానికి అర్థం కాలేదు.

కొట్టు ముందు ఒక బక్కపల్చటి మనిషి, కొట్టాయన కలిసి ఫోన్‌లోకి చూస్తున్నారు. సైకిల్ కనబడగానే ఆ మనిషి పరుగున వచ్చి రాజేశం కాలర్ పట్టుకున్నాడు.

“చోర్! సాలా చోర్!”

“కొట్టకన్నా! నాదే అనుకున్ననే!”

తెలుగు వినగానే ఎత్తిన చెయ్యి ఆగింది. కాలర్ మాత్రం వదల్లేదు.

“తెలుగోడివా? నీ దుంపతెగ! తెలుగోడి సైకిలే దొరికిందేంట్రా నీకు?”

“బొట్టు జూసిన. నాదాన్కి గూడ గిట్లనే పెడ్త. గీడ ఇంకెవలు పెడ్తరనుకున్న.”

“మాకు మాత్రం దేవుడు లేడేంటి?” అన్నాడతను. పేరు నిరంజన్. అమలాపురం వైపువాడు, ఒక అరబ్బు ఇంట్లో వంటవాడు. “రెండు పోయాయి నాకు. దీన్ని మొన్ననే కొని ఇవాళ పొద్దున్నే పూజ చేసుకున్నాను. కరివేపాకు కోసం ఇలా లోపలికెళ్ళానో లేదో, మాయం!”

“పోలీసులకు జెప్పినవా అన్నా?”

నిరంజన్ చేతిలోని ఫోన్‌ను రాజేశం ముఖం ముందుకు తిప్పాడు.

“చెప్పబోతున్నాం. ఇదిగో, కెమెరాలో నీ బొమ్మ. చెంపలేసుకుని మరీ ఎత్తుకెళ్ళే దొంగ ఎవడా అని చూస్తున్నాం.” ఫోన్‌లో బొమ్మను చెరిపేసి కాలర్ వదిలాడు. “తిరిగి తెచ్చావు కాబట్టి సరిపోయింది. ఇంకోటి కొనుక్కో, ఇలా ఎవరివో పట్టుకెళ్ళకు.”

“కొననన్నా. రేపు ఎవడన్న అచ్చి గిది నాదంటే ఏం జెప్తా? నడ్శిపోతే, కాళ్ళు ఎవ్వలియని ఎవడు అడగడు.”

నిరంజన్ నవ్వలేదు. “నేనూ ఇంక దీన్ని బయటికి తియ్యను. గేటు లోపలే పడుంటుంది” అన్నాడు. సైకిల్ ఎక్కకుండానే రెండు చేతులా గట్టిగా పట్టుకుని నెట్టుకుంటూ వెళ్ళాడు.

రాజేశం పోవలసిందీ అటే. అయినా ఆ సైకిల్‌కు దగ్గరగా తనను ఎవరూ చూడకూడదని, అతను మలుపు తిరిగేదాకా ఎండలోనే నిలబడ్డాడు.