ఎరుకలేని మనిషి జవాబు

అహల్య హైదరాబాదులో మెదడు మీద పరిశోధన చేసేది. ఎలుకలు దారిని ఎలా గుర్తుపెట్టుకుంటాయో వివరిస్తూ ఆమె రాసిన వ్యాసం 1971లో అచ్చయింది. తర్వాత మరికొన్ని వచ్చినా, దేన్నీ ఎవరూ ఎక్కడా ప్రస్తావించలేదు. తోటివాళ్లు ప్రొఫెసర్లయ్యారు. ఆమె అదే గదిలో ఉండిపోయింది.

1983లో ఒకరోజు లైబ్రరీలో కొత్త పత్రిక తిరగేస్తుంటే, ఒక జపాను శాస్త్రవేత్త వ్యాసం చివర, ఆధారాల జాబితాలో అహల్యకు తన పేరు కనిపించింది. చెప్పుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. రైలెక్కి కేసముద్రంలో అక్క రుక్మిణి ఇంటికి వెళ్లింది.

రుక్మిణి వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తూనే అంతా వింది.

"గాయన నీకు ఎరుకనా?"

"లేదక్కా. నేను రాసింది చదివి తన పనికి ఆధారం చేసుకున్నడు. ఎన్నడో చెప్పిన మాటకు ఇయ్యాల జవాబొచ్చినట్టుంది."

రుక్మిణి చేతులు ఆగిపోయాయి.

"గిన్నేండ్లు నువ్వొక్కదానివే మాట్లాడుకుంటున్నవా చెల్లే?"

అహల్య తలూపింది. రైల్లో పొంగిన సంతోషం కన్నీళ్లయి కారింది. కారం చేతులతో ముట్టుకోలేక రుక్మిణి పక్కనే వచ్చి కూర్చుంది.

"ఏం రాసినవో నాకు జర చెప్పు."

అహల్య మొదటినుంచీ చెప్పింది. అక్కకు అర్థం కావడం లేదని తెలుస్తూనే ఉంది. అయినా ఆపలేదు.