సన్యాసిరావు బావ గది

ఈ ఉదయం మా బావ గది పదకొండు అడుగులు పెరిగింది. లెక్కల మాస్టారుగా చేసినవాణ్ణి కాబట్టి టేపు పెట్టి కొలిచాను. ఎత్తూ వెడల్పూ అలాగే ఉన్నాయి. పొడుగు మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంది.

బావ పేరు సన్యాసిరావు. మా అక్క పైడితల్లి భర్త. అనకాపల్లిలో ముప్పయ్యేళ్ళు కరెంటు స్తంభాలు ఎక్కాడు. ఇప్పుడు కేన్సరు. వారం అని చెప్పి ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. ఇవాళ ఆరో రోజు.

మంచం గది అవతలి కొసన ఉంది. పది గంటలకే అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. బావ అక్కణ్ణుంచే మాట్లాడతాడు. మాట గుమ్మం దాకా రావడానికి నాలుగు నిమిషాలు పడుతుంది.

పక్కింటి సూరమ్మగారు చూడడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఏడుస్తుంది. కళ్ళు తుడుచుకుని వెళ్ళబోతుండగా బావ మాట అందుతుంది.

"సూరమ్మ వదినా, కాస్త మిగుల్చుకో. ఎల్లుండి మళ్ళీ ఏడవాల."

ఆవిడ నవ్వేసి, సిగ్గుపడి, కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

అక్క నవ్వదు. వంటింట్లో గంజి కాస్తూ ఉంటుంది.

"నలభయ్యేళ్ళు కాపరం చేశాను తమ్ముడూ. ఊరందరికీ నవ్వులాటే, నాకూ నవ్వులాటే. ఒక్క నిజమైన మాట చెప్పకుండానే పోతాడా?"

నేను చెప్పులు వేసుకుని గదిలోకి బయల్దేరతాను. లోపల ఎండగా ఉంది. పద్దెనిమిది కిటికీలు దాటాక గోడ వారన ఎవరో చలివేంద్రం పెట్టారు. రెండు గ్లాసుల మజ్జిగ తాగి మళ్ళీ నడుస్తాను. ఒంటిగంటకి మంచం దగ్గరికి చేరతాను.

బావ సగమయ్యాడు. దుప్పటి కింద మనిషి ఉన్న ఎత్తు లేదు.

"ఇంతదూరం నడిచొచ్చారేంటి మాస్టారూ. కబురెడితే నేనే వద్దును కదా" అంటాడు.

"నీకు భయం లేదా బావా?"

పైకప్పు వైపు చూస్తూ చెప్తాడు.

"ఉంది. కానీ భయపడేవోడి దగ్గర ఎవరూ ఎక్కువసేపు కూర్చోరు. నవ్వించేవోడి దగ్గరైతే కుర్చీ లాక్కుంటారు. నాకు మనుషులు కావాల మాస్టారూ."

"ఆ మాట అక్కతో చెప్పు."

"అరిచి చెప్పే మాట కాదు. రమ్మను."

గుమ్మం వైపు తిరిగి అక్కని పిలుస్తాను. కాసేపటికి దూరాన చుక్కంత కనిపిస్తుంది. చీర ఎత్తి దోపుకుని, మూత పెట్టిన గంజి గిన్నె పట్టుకుని, ఎక్కడా ఆగకుండా వస్తుంది. చేరేసరికి ఎండ వాలింది. గంజి వేడిగానే ఉంది.

బావ ఆమె చెయ్యి పట్టుకుంటాడు.

"భయమేస్తందే పైడీ."

"తెలుసు. స్తంభం ఎక్కబోయే ప్రతిరోజూ ఏదో ఒక జోకు వేసే ఎళ్ళేవోడివి. నువ్వు చెప్తావని చూశాను."

అంతే. అక్క చెంచాతో గంజి పడుతుంది. మూడో చెంచాకి బావ నోరు పక్కకి తిప్పుకుంటాడు.

"నేను పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకుంటావా?"

అక్క చెంచా ఆపి నిజంగానే ఆలోచిస్తుంది.

"ఒకణ్ణి సాగనంపడానికే ఇంతదూరం నడిచాను. ఇంకోడికి మోకాళ్ళు లేవు."

అక్క జోకు వేయడం నేనెప్పుడూ వినలేదు. బావా వినలేదనుకుంటాను. ఆమెని ఎగాదిగా చూసి నవ్వడం మొదలుపెడతాడు. నవ్వు నోట్లోంచి తెల్లగా, ఉతికిన చీరలా, జానెడు జానెడు బయటికి వస్తుంది. మధ్యలో ఊపిరి ఆగిపోతుంది. నవ్వు ఆగదు. నాడి చూస్తాను. లేదు. నవ్వు మంచం దిగి గచ్చు మీద కుప్పపడుతూనే ఉంది.

అక్క అతని కళ్ళు మూస్తుంది. అతని ఛాతీ మీద తల ఆనించి కాసేపు ఏడుస్తుంది. తర్వాత లేచి, నవ్వు కొస ఒకటి అందుకుంటుంది.

"రెండో కొస పట్టుకో తమ్ముడూ. మాసిపోద్ది."

చెరో కొస పట్టుకుని దులుపుతాం. మడతకోసారి ఎదురెదురుగా నడిచి, కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి వెళ్తాం. ఆఖరి మడతకి అది చేతిరుమాలంత అవుతుంది. బరువు మాత్రం నిండు మనిషి బరువు. అక్క దాన్ని తలమీద పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని గుమ్మం వైపు నడుస్తుంది. ఆమె అడుగు పడినచోటల్లా గచ్చు జానెడు దిగుతుంది. అందులో నీళ్ళు ఊరుతాయి. ఒక్కో అడుగులో ఒక్కో చేప పిల్ల, ఆమెకి తోడొచ్చినట్టు తల ఆమె వైపే తిప్పి, నిలకడగా ఈదుతూ ఉంటుంది.