నాలుగు గిన్నెల క్యారేజీ

పొగ నెలలొస్తే మా వీధి సగం ఖాళీ అవుతుంది. చుట్టూ కొండల మీద పొలాలూ అడవీ తగలబెడతారు, ఉత్తర థాయ్‌లాండ్‌లో మా చియాంగ్ మై ఊరు ఊరంతా పొయ్యిలో దూరినట్టుంటుంది. స్తోమతున్న విదేశీయులు సముద్రం వైపు పోతారు. లేనివాళ్ళు గదుల్లో గాలి శుభ్రం చేసే మిషను ముందు కూచుని దగ్గుతుంటారు. మాబోటివాళ్ళం ఎక్కడికీ పోం. పొయ్యి దగ్గరే పుట్టి పెరిగినదాన్ని, నాకీ పొగొక లెక్కా?

నా పేరు కేసోన్. క్యారేజీలు కడతాను. నెలకింతని మాట్లాడుకుని రోజూ ఇంటికి క్యారేజీ పంపడం మా ఊళ్ళో పాత పద్ధతే. మా అమ్మ బడిపంతుళ్ళకీ బ్యాంకు గుమస్తాలకీ కట్టేది. నా హయాం వచ్చేసరికి వాళ్ళంతా ఫోన్ మీద వేలు నొక్కి తిండి తెప్పించుకోవడం మరిగారు. నాకు మిగిలింది వీధి చివర మేడలో అద్దెకుండే విదేశీయులు. వాళ్ళూ ఒక్కొక్కళ్ళే జారుకున్నారు. కిందటి వానాకాలం నాటికి ఒకే ఒక్కడు మిగిలాడు. ఏడో అంతస్తులో ఉండే రూలోఫ్ గారు. హాలండ్ దేశస్తుడు, డెబ్బై దాటినవాడు, తలుపు దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు.

ఆ ఒక్క క్యారేజీ కోసమే పొద్దున్నే లేచి బజారుకెళ్ళేదాన్ని. అదీ పోతే నేను వండేదెవరికి? మా ఆయన లాటరీ టికెట్లమ్మేదాంతో దక్షిణాదికి ఉడాయించి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. నా ఒక్కదానికి వండుకోవడం నాకు చేతకాదు, చేతనైనా బుద్ధి పుట్టదు.

ఖాళీ క్యారేజీ కడక్కుండా పంపమని అందరికీ ముందే చెబుతాను. కడిగితే నాకేం తెలుస్తుంది? ఏ కూర మిగిలింది, ఏ ముక్క పక్కకు నెట్టారు, పులుసు ఎంతవరకు దిగింది, అవన్నీ చూశాకే మర్నాటి వంట. తినేవాడు ఒక ముద్ద మిగిల్చాడంటే కడుపు నిండిందని అర్థం. అడుగూ బొడుగూ ఊడ్చేశాడంటే వండినదాని పరువు పోయినట్టే, చాలక పెట్టిందన్నమాట. మా ఇళ్ళలో ఎవరికీ ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

రూలోఫ్ గారు మొదట్లో రెండు గిన్నెల క్యారేజీ చాలన్నారు. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో కూర. మొదటిరోజే తిరిగొచ్చిన గిన్నెలు చూసి నా గుండె గుభేలుమంది. మెతుకు లేదు, నూనె చుక్క లేదు, వాసన కోసం వేసి, తినకుండా మేం పక్కన పెట్టే గలంగల్ అల్లం ముక్కలు కూడా లేవు. పాపం, ఇంత మనిషికి ఈ గుప్పెడు ఏ మూలకని మర్నాడు ఇంకో గరిటె వేశాను. అదీ ఖాళీ. మూడో గిన్నె తగిలించి టమాటాలూ మాంసం కీమా నూరిన పచ్చడి, ఉడికించిన కూరముక్కలు పెట్టాను. అదీ ఖాళీ. మా అమ్మ నాటి నాలుగు గిన్నెల క్యారేజీ అటక మీంచి దించాను. అల్లం, చింతపండు వేసి పొద్దుటినించీ ఉడికించిన పందిమాంసం కూర, పులుసు, అరటాకులో ఆవిరి మీద వండిన చేప, జిగురన్నం. రాత్రికి నాలుగూ అద్దంలా మెరుస్తూ తిరిగొచ్చాయి.

“ఏం కడుపురా నాయనా!” అని తిట్టుకున్నాను గానీ లోపల పొంగిపోయాను. నా వంట అంత ఇష్టంగా తిన్నవాళ్ళు ఈమధ్య ఎవరున్నారు గనక?

క్యారేజీ ఆయన తలుపు పిడికి తగిలించి, రెండుసార్లు తట్టి, తలుపు తెరుచుకునేలోగా లిఫ్టు దగ్గరికొచ్చేసేదాన్ని. మొదట్లో ఒకటి రెండుసార్లు దొరికిపోయాను. ఆయన థాయ్ మాట్లాడతారు. బళ్ళో నేర్చుకున్నదేమో, వాచకంలో పాఠం అప్పజెబుతున్నట్టుంటుంది.

“దయచేసి లోపలికి విచ్చేయండి. మనమిద్దరం కలిసి భోజనం చేద్దాం” అన్నారు చేతులు జోడించి.

“అయ్యో, వద్దండీ, అవతల పొయ్యి మీద కూరుంది” అన్నాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఎందుకెళ్ళలేదంటే మేడ కింద ఆఫీసు బల్ల దగ్గర ముక్ కూచునుంటుంది కాబట్టి. ముప్పై ఏళ్ళ పిల్ల, దాని నోటికి మూత లేదు. విదేశీయుల పనులన్నీ దాని చేతుల మీదుగానే సాగుతాయి. కిలోల లెక్కన బట్టలుతికే మనిషి కావాలన్నా, వీసా ఆఫీసులో తమ బదులు వరసలో నిలబడే మనిషి కావాలన్నా, ఊరెళితే పిల్లికి తిండి పెట్టే మనిషి కావాలన్నా ముక్‌నే అడగాలి. పక్కన కూచుని కబుర్లు చెప్పే ఆడవాళ్ళు కూడా మా ఊళ్ళో దొరుకుతారు, కానీ ఆ వీధి వేరు. ఆ వీధి పేరు నా వెనకాల వినపడకూడదనే నా బాధ.

ఆయన పిలిచిన రోజు లిఫ్టు ఆలస్యమై కాస్త ఆగి దిగినందుకే ముక్ కళ్ళెగరేసింది.

“ఏంటి పెద్దమ్మా, పైన బాగా ఆలస్యమైంది? కూర చల్లారిందా, నువ్వు వేడెక్కావా?”

“నీ నోట్లో మిరపకాయ కుక్కుతాను” అన్నాను. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాటినించీ తలుపు తట్టడం, పరిగెత్తడం. కొన్నాళ్ళకి ఆయన కూడా పిలవడం మానేశారు.

ఇలా ఏడాది పైన గడిచింది. ఈ పొగకాలంలో ఒకరోజు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వెళుతుంటే ముక్ ఆపింది.

“పెద్దమ్మా, ఏడో అంతస్తాయన నెలాఖరుకి ఖాళీ చేస్తున్నాడుగా, నీ క్యారేజీ కథ ముగిసినట్టేనా?”

“ఖాళీ చెయ్యడమేంటి?”

“అదేంటి, నీకు చెప్పలేదా? ఊరవతల ముసలివాళ్ళని చూసుకునే చోటుందిగా, అక్కడికి పోతున్నాడు. ఆ గది కొరియా పిల్లకి ఇచ్చేశాం కూడా. కొంపదీసి నీ కూర పడక పోతున్నాడా?”

“నోర్ముయ్. గిన్నెలు నాకి పంపుతాడు.”

“నాకడమే కొంప ముంచింది. ఆయన బెల్టు చూడలేదా? చక్కెర ఎక్కువైందని డాక్టరు చివాట్లు పెట్టాడు, పక్కన మాట సాయానికి నేనే ఉన్నాను. మధ్యాహ్నం నీ క్యారేజీ తింటాడట, సాయంత్రం తింటాడట, కడుపు పట్టకపోయినా కూచుని పూర్తి చేస్తాడట. ఎందుకయ్యా అంటే ఆవిడ బాధపడుతుందంటాడు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. లిఫ్టులో పైకెళుతూ ఏమేం అనాలో అన్నీ కూడగట్టుకున్నాను. ఈసారి తలుపు తట్టి పరిగెత్తలేదు. తెరుచుకునేదాకా నిలబడ్డాను.

రూలోఫ్ గారు తలుపు తీసి, నన్ను చూసి, వెంటనే చొక్కా పై బొత్తాం పెట్టుకున్నారు. మనిషి నిజంగానే ఒళ్ళు చేశాడు. ముఖం కూడా ఉబ్బింది. ఇదంతా నా గరిటె చలవే.

“మీకు చాలు అనడం రాదా?” అన్నాను గుమ్మంలోనే. “థాయ్‌లో చాలు అనే మాట ఏ బళ్ళోనూ నేర్పలేదా?”

“దయచేసి లోపలికి రండి” అన్నారాయన.

వెళ్ళాను. గదిలో సగం సామాను అట్టపెట్టెల్లో ఉంది. కిటికీలన్నీ పొగకి మూసేసి ఉన్నాయి. బల్ల ఒకటే, కుర్చీ ఒకటే. ఉన్న కుర్చీ నాకిచ్చి ఆయన పుస్తకాల పెట్టె మీద కూచున్నారు.

“మిగిలిస్తే మీకు అవమానం అనుకున్నాను” అన్నారు. “యుద్ధకాలంలో మా అమ్మ పూలమొక్కల దుంపలు ఉడికించుకుని తిన్నది. కంచంలో మెతుకు వదిలితే మమ్మల్ని బల్ల దగ్గరినించి లేవనిచ్చేది కాదు.”

“మా అమ్మ మెతుకు వదలకపోతే లేవనిచ్చేది కాదు! గిన్నె ఖాళీగా వస్తే మీకింకా ఆకలిగా ఉందనుకోనా? మీరు తినేకొద్దీ నేను పెంచాను.”

“మీరు పెంచేకొద్దీ నేను తిన్నాను.”

ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. కోపం పూర్తిగా ఖర్చు కాలేదు మరి.

“తగ్గించమని ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా.”

ఆయన కాసేపు చేతులు చూసుకున్నారు. “తగ్గిస్తే, తర్వాత రోజు మార్చి రోజు వస్తారేమో, ఆ తర్వాత అసలు రారేమో అని భయం. కొన్ని రోజులు ఈ తలుపు తట్టేది మీరొక్కరే. నేను వచ్చేసరికి మీరుండరు. అయినా ఎవరో తట్టారు కదా.”

నేను క్యారేజీ ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆయనే మళ్ళీ చెప్పారు. “నేను వెళ్ళే చోట భోజనానికి గంట కొడతారట. అందరూ ఒకే బల్ల దగ్గర కూచుంటారట. తిండి బాగోదని ముందే చెప్పారు. ఫరవాలేదన్నాను.”

ఏడాదిగా నేను ఆయన ఆకలి గురించే ఆలోచించాను, గరిటె మీద గరిటె వేశాను. తలుపు తెరిచేదాకా ఆగాలని మాత్రం అనిపించలేదు. తప్పు నాదొక్కదానిదే అంటే ఒప్పుకోను. నా వెనక నవ్వేవాళ్ళు ఆయన వెనక నవ్వరు. అయినా ఆ పెట్టెల మధ్య కూచున్న మనిషిని చూసి కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాను.

క్యారేజీ విప్పాను. ఆయనకి కంచం ఒకటే ఉంది. అది ఆయన ముందు పెట్టి, నేను గిన్నె మూతలో పెట్టుకున్నాను. జిగురన్నం ఉండ చేసి కూరలో అద్దుకుని నోట్లో పెట్టుకుంటే, ఉప్పు ఒక పిసరు తక్కువైనట్టు తెలిసింది. ఇన్నాళ్ళూ నేను రుచి చూసేది గరిటె చివరినించే. అన్నం తినేది పొయ్యి పక్కన నిలబడి. ఇలా ఒకరి ఎదురుగా కూచుని, ఆ ముక్క మీరు తీసుకోండి, వద్దు మీరే తీసుకోండి అనుకుంటూ తిన్నది ఎప్పుడో గుర్తు లేదు. ఆయన చేప ముళ్ళు తీసి నా వైపు మంచి ముక్క జరిపారు. ఏడుపొచ్చింది. మిరపకాయ కొరికానని చెప్పాను.

తిన్నాక సిగ్గు పక్కన పెట్టి అడిగేశాను.

“వెళ్ళకండి. ఈ వీధిలోనే ఇంకో గది చూద్దాం. రోజూ వచ్చి మీతో కూచుని తింటాను.”

ఆయన చాలా మర్యాదగా చేతులు జోడించారు. “మీరు మంచి మనసున్నవారు.”

“మంచి మనసు కాదు, నిజంగానే అంటున్నాను.”

“నాకు తెలుసు, తెలుసు” అని నవ్వారాయన. “ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎవరు తింటూ ‘రండి, తిందాం’ అన్నా నిజమే అనుకుని వెళ్ళి కూచునేవాణ్ణి. బట్టల కొట్టతను అన్నాడు, కూచున్నాను. పాపం అతని దగ్గర ఒక్కడికి సరిపడా అన్నమే ఉంది. సగం నాకు పెట్టాడు. తర్వాత ఎవరో చెప్పారు, అది మీ పలకరింపు, పిలుపు కాదని. చాలా సిగ్గుపడ్డాను. ఇప్పుడు నేర్చుకున్నాను.”

“ఇది పలకరింపు కాదు, రూలోఫ్ గారూ. పిలుపే. నాకు ఒక్కదానికి ముద్ద దిగట్లేదు.”

“అలా అనడం మీ సంస్కారం” అన్నారాయన.

మళ్ళీ చెప్పాను. బతిమాలాను. మా వాళ్ళు మర్యాదకి బతిమాలినా అచ్చం అలాగే బతిమాలతారు. నేను ఎంత గట్టిగా అంటే ఆయన అంత గట్టిగా ధన్యవాదాలు చెప్పారు. చివరికి లేచి, బళ్ళో పిల్లాడిలా నడుం వంచి తలుపు తెరిచి పట్టుకున్నారు. గిన్నెలు సర్దుకుని వచ్చేశాను.

నెలాఖరుకి వ్యాన్ వచ్చింది. పెట్టెలతో పాటు ఆయన్నీ ఎక్కించుకుని పొగలోకి వెళ్ళిపోయింది. వీధి మలుపుదాకా చూశాను, ఆ తర్వాత కనపడలేదు.

వారం పోయాక బజారు దారిలో ముక్ కేకేసింది.

“పెద్దమ్మా! కొరియా పిల్ల దిగింది. ఒంటరిది, ఇరవై ఐదేళ్ళుంటాయి, పొద్దున్నించీ కంప్యూటర్ ముందునించి లేవదు. నీ క్యారేజీ సంగతి చెప్పనా?”

“చెప్పు” అన్నాను. “కానీ తలుపుకి తగిలించి పోనని చెప్పు. నేను కూడా కూచుని తింటాను. అలా అయితేనే కడతాను.”

ముక్ బల్ల మీద చరుస్తూ పడీ పడీ నవ్వింది. “భలేదానివే పెద్దమ్మా, అచ్చం అలాగే చెబుతానుండు” అంది.

దాని నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. నిజంగానే అంటున్నానని ఇంకోసారి చెబుదామనుకున్నాను. అదింకా ఎక్కువ నవ్వుతుందని ఊరుకున్నాను.