నాలుగో లాకు గేజి

మా గోదావరి జిల్లా వాళ్లని ఒక అంకె అడిగి రాబట్టడం ఎంత కష్టమో నన్నడగండి. ఫలానా ఊరు ఎంత దూరమండీ అంటే, "ఎంతండీ, ఇలా మాట్లాడుకుంటూ వెళ్తే వచ్చేస్తుందండీ" అంటారు. మీ వయసెంతండీ అంటే, "మీకంటే పెద్దవాణ్ణేనండీ" అని నవ్వుతారు. మర్యాద మంచిదే, కాదనను. కానీ మర్యాదని రిజిస్టరులో అడుగులు, అంగుళాలు అన్న గడుల్లో రాయలేం కదా.

నా పేరు గంగాధరరావు. ఏలూరు కాలవ ఆఫీసులో టెలిఫోను గుమస్తాని. మా కాలవ మీద నీళ్లు ఆపి పడవలు దాటించే లాకులన్నిటికీ కలిపి ఒకటే తీగ. రోజూ పొద్దున్న ఆరింటికి హ్యాండిలు తిప్పి, ఒక్కొక్క లాకునీ పిలిచి, ఆ పూట సంగతులు అడగడం నా పని. అడిగేవి మూడే. గేజి, అంటే నీటిమట్టం. తలుపులు, అంటే ఎన్ని ఎత్తి ఉన్నాయని. పడవలు, అంటే ఎన్ని ఆగి ఉన్నాయని. నేను ఒక్క మాట అంటాను, లాకు దగ్గరుండే లస్కరు ఒక్క అంకె చెప్పాలి. అంతకుమించి తీగ మీద మాట ఉండకూడదని కచ్చితంగా చెప్పేశాను. బాగున్నారా, పిల్లలెలా ఉన్నారు అనేవి వద్దన్నాను. తెలియకపోతే తెలియదు అనమన్నాను గాని సున్నా అనొద్దన్నాను. ఒకసారి మూడో లాకులో గేజి పలక ఊడిపోతే, అక్కడి లస్కరు గేజి సున్నా అన్నాడు. కాలవ ఎండిపోయిందనుకుని మా సూపర్‌వైజరుగారు ఎండలో పదిమైళ్లు సైకిలు తొక్కారు.

ఇలా రెండేళ్లు అరిచి అరిచి అందర్నీ దారిలో పెట్టాను. గంగాధరరావుకి తల పొగరని లాకులన్నీ అనుకునేవి. మా ఆవిడ కాంతం కూడా అనేది, ఆవిడైతే నా మొహం మీదే అనేది.

అందరిలోకీ నాకు నచ్చినవాడు నాలుగో లాకు జోగయ్య. గేజి అనగానే, "ఉండండి బాబుగారండీ" అని రెండు నిమిషాలు ఆగి, "నాలుగూ తొమ్మిదిన్నర" అనేవాడు. అర అంగుళం కూడా వదిలేవాడు కాదు. రిజిస్టరు తనిఖీకి వచ్చినప్పుడల్లా అతని అంకెలు చూపించి మిగతా లస్కర్లని తిట్టేవాణ్ణి.

యాభై అయిదు ఏప్రిల్లో సుభాని వచ్చాడు. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లుకి మెకానిక్కు అతను. మిల్లు బాయిలరు పాడైతే ఏలూరులో ఇంకోటి చూసి, పెద్ద పడవ మీదికి ఎక్కించాడు. నాలుగు రోజుల్లో రిపేర్ల కోసం కాలవ కట్టేస్తారు. ఈలోగా చేరకపోతే రెండు నెలలు మిల్లు ఆగిపోతుంది. చిక్కల్లా నాలుగో లాకు మీదున్న వంతెన. నీళ్లు ఎక్కువుంటే పడవ పైకి లేచి బాయిలరు వంతెనకి తగులుతుంది. టేపు పట్టుకుని కొలిచి, గేజి అయిదడుగుల రెండంగుళాలు దాటకూడదని తేల్చాడు సుభాని.

దానికేం భాగ్యం అని హ్యాండిలు తిప్పి జోగయ్యని పిలిచాను. గేజి అన్నాను.

"ఉండవలసినంత ఉందండీ" అన్నాడు జోగయ్య.

నా చెవులు నేనే నమ్మలేదు. మళ్లీ అడిగాను. బాగానే ఉందండీ అన్నాడు. మూడోసారి అరిచాను. అప్పుడు చాలా నెమ్మదిగా, "తమరికి ఎంత కావాలండీ?" అన్నాడు. రెండేళ్ల నా చాకిరీ కాలవలో కలిసిపోయింది. ఒళ్లు మండిపోయి, సెలవు చీటీ రాసి బల్ల మీద పడేసి, ఆ లస్కరు సంగతేదో స్వయంగా తేల్చుకుందామని సుభానితోపాటు పడవెక్కాను.

మధ్యాహ్నం దాటాక నాలుగో లాకు చేరాం. జోగయ్య గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, శుభ్రంగా తలపాగా చుట్టుకుని. నా గొంతు వినగానే మజ్జిగ పుచ్చుకోమన్నాడు. నేను మజ్జిగ సంగతి వినిపించుకోకుండా, గేజి చూసి చెప్పమన్నాను. అతను మెట్లు దిగాడు. గేజి పలక వైపు తలైనా తిప్పలేదు. ఒక్కొక్క మెట్టూ కాలితో తడుముకుంటూ, ఎక్కడ తడి తగులుతుందో అక్కడ ఆగి, వంగి చేత్తో చూశాడు. మెట్టు తొమ్మిదంగుళాలు. ఆ తడిని బట్టి అయిదడుగులో అయిదున్నరో చెప్పగలడు, అంతే. నా కోపం అక్కడే ఆగిపోయింది.

అతనికి కళ్లు కనపడటం లేదు.

పొరలు కమ్మి రెండేళ్లయిందట. రోజూ గేజి చూసేది అతని భార్య నాంచారమ్మ. ఆవిడ మెట్లు దిగి చూసొచ్చి చెబితే, అతను ఫోనులో చెప్పేవాడు. ఆవిడ ముందురోజు సాయంత్రమే చెల్లెలి పురుడని కైకలూరు దగ్గర లంకకి వెళ్లింది, ఆ పూటే రావాలి. తెలిస్తే ఉద్యోగం పోతుంది, దానితో లాకు పక్కనున్న ఆ గదిన్నర క్వార్టర్సూ పోతుంది. వాళ్లకి వేరే ఇల్లు లేదు. అయితే ఏదో ఒక అంకె చెప్పేస్తే పోయేదిగా అన్నాను, మెత్తగానే.

"చూడంది ఎలా చెప్తానండీ. పడవ తగిలేస్తుంది కదండీ" అన్నాడు జోగయ్య.

నాకు సిగ్గేసింది. దొంగ అంకె చెప్పడం ఇష్టంలేక ఆ పెద్దమనిషి పొద్దున్న నా తిట్లన్నీ తిన్నాడు.

గేజి నేనే చూశాను. అయిదూ నాలుగు. రెండంగుళాలు ఎక్కువ. సుభాని తల పట్టుకోలేదు. పడవ నడిపే ముత్యాలరాజుతో ఏదో గుసగుసలాడి, గట్టు మీద ఉన్న జనాన్ని చూశాడు. తాడేపల్లిగూడెం మార్కెట్టుకి పోయేవాళ్లు ఇరవైమంది దాకా అక్కడున్నారు. పడవెక్కి కాస్త బరువు వేస్తే అది రెండంగుళాలు దిగుతుందండీ, గూడెం దాకా ఊరికే తీసుకుపోతాం అన్నాడు. మనవాళ్లు కాదంటారా. దానికేముందండీ అంటూ గంపలతో సహా ఎక్కేశారు. ఇంకా అరంగుళం కావాలంటే సుభాని నన్ను ఎగాదిగా చూసి, "తమరు కూడా దయచేయాలండీ" అన్నాడు. మనిషిని కాస్త లావు లెండి. ఎక్కాను. ఒక ముసలాయన నాకు చోటిస్తూ, తమబోటివాళ్లు ముందే ఎక్కితే మేమింతమంది అక్కర్లేకపోయేదండీ అన్నాడు.

అప్పుడే నాంచారమ్మ వచ్చింది, చేపల బుట్ట నెత్తి మీద పెట్టుకుని. జోగయ్య రెండు ముక్కల్లో చెప్పాడు. తలుపులు తెరిచేటప్పుడు నీళ్లు ఒక్కసారి పొంగి తగ్గుతాయి. ఆ పొంగులో గేజి అయిదూ నాలుగు దాటితే పడవని ఆపాలి. ఆవిడ చూసి మెల్లగా చెప్పేటట్టు, అతను కేకేసేటట్టు అనుకున్నారు. రెండేళ్ల అలవాటేగా, ఫరవాలేదనుకున్నాను.

అంతలో సూపర్‌వైజరు కనకరాజుగారు సైకిలు దిగారు. బాయిలరు వెళ్లడం చూద్దామని వచ్చారాయన. మెట్ల దగ్గర ఆడమనిషి ఎందుకని, కాస్త అవతలికి ఉండండమ్మా అని నాంచారమ్మని గట్టు మీదికి పంపేసి, జోగయ్య పక్కన తనే నిలబడ్డారు. నేను పడవలోంచి చూస్తున్నాను. దిగడానికి వీల్లేదు, దిగితే పడవ లేస్తుంది.

తలుపులు తెరుచుకున్నాయి. పడవ కదిలింది. ముత్యాలరాజు గెడ పట్టుకుని, గేజి, అని కేకేశాడు. జోగయ్య చెవి గట్టు వైపు తిప్పాడు. గేజి చెప్పవేమయ్యా అన్నారు కనకరాజుగారు. ఆయన చూపు బాయిలరు మీద ఉంది. వంతెన దగ్గరికి వచ్చేస్తోంది. జోగయ్య మాట్లాడడు, చూడంది చెప్పడు. నేను నోరు తెరిచేలోపే గట్టు మీంచి గొంతు వినపడింది.

"అయిదూ అయిదున్నర. ఆపండి."

ముత్యాలరాజు మనుషులు గెడలు గుచ్చి పడవని నిలబెట్టేశారు. బాయిలరు కొసకీ వంతెనకీ మధ్య జానెడు దూరం. నాంచారమ్మ బుట్ట కింద పడేసి మెట్లు దిగి వచ్చింది. నీళ్లు తగ్గేదాకా కళ్లు పలక మీదనుంచి తియ్యలేదు. అయిదూ అయిదు, అంది. అయిదూ నాలుగున్నర, అంది. అయిదూ నాలుగు, వెళ్లండి, అంది. బాయిలరు వంతెన కిందనుంచి, మధ్యలో వేలు పట్టేంత సందుతో దాటిపోయింది. పడవలో జనమంతా చప్పట్లు కొట్టారు, అందుకు పడవ ఊగింది, సుభాని అందర్నీ బతిమాలి కూర్చోబెట్టాడు.

కనకరాజుగారు చప్పట్లు కొట్టలేదు. నేను జోగయ్యని కదా అడిగాను అన్నారు.

"ఆయనకి కనపడదండీ. రెండేళ్లనుంచి చూసేది నేనేనండీ" అంది నాంచారమ్మ. తల దించుకోలేదు.

నేను పడవ దిగి వెళ్లి, రెండేళ్ల రిజిస్టరులో ఈ లాకు అంకె ఒక్కటి కూడా తప్పు పోలేదని, తమరు తనిఖీలో మెచ్చుకున్నవన్నీ ఈవిడ చెప్పినవేనని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇప్పుడు చూసింది కూడా తమరి ముందే కదండీ అన్నాను. కనకరాజుగారిదీ మా జిల్లాయే. మొహం మీద కాదనలేరు, అవుననీ అనలేరు. "చూద్దాం లెండి" అని సైకిలెక్కారు.

చూద్దాం లెండి అనే మాటకి నా రిజిస్టరులో గడి లేదు. మర్నాడు పొద్దున్న లాకులన్నీ అయ్యాక కనకరాజుగారి ఆఫీసుకి హ్యాండిలు తిప్పాను. నాలుగో లాకు ఆర్డరు, అన్నాను. చూస్తున్నామండీ అన్నారు. తారీఖు వేసి, రాలేదు అని రాసుకున్నాను. ఆ మర్నాడూ అడిగాను. పై ఆఫీసుకి రాశామండీ అన్నారు. మూడోనాడు కూడా అదే మాట. కాలవ కట్టేశారు, గేజీలు లేవు, అయినా అడగడం మానలేదు. ఫోనంటేనే భయపడిపోతున్నారట అక్కడ.

పన్నెండోనాడు నేను మాట పూర్తి చేయకముందే కనకరాజుగారు అందుకున్నారు. నాలుగో లాకుకి లస్కరుగా నాంచారమ్మ, టెంపరరీ, ఒకటో తారీఖునుంచి. ఇంక నన్ను వదిలిపెట్టండి గంగాధరరావుగారూ అని పెట్టేశారు.

వెంటనే నాలుగో లాకుని పిలిచాను. జోగయ్యకి సంగతి చెప్పాను. నేను చెబితే అది నమ్మదండీ, తమరే చెప్పండి అని ఫోను ఆవిడ చేతికిచ్చాడు. అంత దూరం నుంచి వచ్చే గొంతుతో మాట్లాడటం ఆవిడకి అదే మొదటిసారి. ఆర్డరు చదివి వినిపించాను.

"ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదాండీ?" అంది.

అక్కర్లేదమ్మా అన్నాను.

ఫోను పెట్టడం తెలియక బల్ల మీద అలాగే వదిలేసినట్టుంది. లోపల మూటలు విప్పుతున్న చప్పుడు వినపడింది. పన్నెండు రోజులుగా సామాను కట్టేసుకుని కూర్చున్నారన్నమాట. గిన్నెలు ఒక్కొక్కటే తీసి మళ్లీ అరల మీద పెడుతోంది. ఇది ఇక్కడేనా అని అడుగుతున్నాడు జోగయ్య, అక్కడ కాదు ఇక్కడ అంటోంది ఆవిడ. అవతల అయిదో లాకువాడు తీగ ఖాళీగా లేదని గంట కొడుతున్నాడు. కొట్టుకోనీ అని, నేను అలాగే వింటూ కూర్చున్నాను.