గుప్పెడు నిద్ర

"ఇంతకీ పిల్ల కళ్ళు తెరిచిందా, లేదా?" అని అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు ఆమె సింకు దగ్గర పాలు తీసే పంపుని విడదీసి, ఒక్కో ముక్కా వేణ్ణీళ్ళలో కడుగుతోంది.

"తెరుస్తుందటండీ. నేను వెళ్ళే వేళకి నిద్రపోతూ ఉంటుంది."

"ఎప్పుడు వెళ్ళినా నిద్రేనా?"

"అవునండీ."

"ఇదేం విడ్డూరం! కన్నతల్లివి, నీకే కనపడకపోతే ఇంకెవరికి కనపడుతుంది? చూపుందో లేదో, ఆస్పత్రివాళ్ళేమైనా దాస్తున్నారేమో, గట్టిగా అడిగావా?"

హాల్లోంచి భర్త గొంతు కలిపాడు. "అమ్మ భయం అదే. కళ్ళు తెరిచి చూస్తున్న వీడియో ఒక్కటి తీసుకురా. చుట్టాలందరికీ పంపేస్తే గొడవ వదిలిపోతుంది. అదేమన్నా పెద్ద పనా?"

పెద్ద పని కాదు. ఆ ఇంట్లో ఆమె చేసేవేవీ పెద్ద పనులు కావు. అందరికంటే ముందు లేవడం పని కాదు, అలవాటు. ఉద్యోగానికి వెళ్ళే తోటికోడలి పిల్లల్ని బడి నుంచి రాగానే చూసుకోవడం పని కాదు, సాయం. ఇంట్లో లేని బిడ్డ కోసం గదిలో కూర్చుని యంత్రంతో పాలు తీసుకోవడం మాత్రం అలవాటు కిందికీ, సాయం కిందికీ రాదు. "మళ్ళీ తలుపేసుకుంది" అనే మాట కిందికి వస్తుంది. తీసిన పాలసీసాని ఫ్రిజ్‌లో కనపడేలా పెట్టొద్దంది అత్తగారు. "మగవాళ్ళు నీళ్ళ కోసం తీస్తూ ఉంటారమ్మా, చూడ్డానికి బావుండదు." అందుకని ఆమె సీసాని పాత పేపర్లో చుట్టి కూరగాయల అర అడుగున దాచేది. మధ్యాహ్నం దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కగానే, బిడ్డకి పాలు తీసుకెళ్తున్నానన్న సంతోషం కన్నా ఎవరి కంటా పడకుండా బయటపడ్డానన్న సంతోషమే ముందు కలిగేది.

ఆస్పత్రికి వెళ్ళొద్దని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. "పనులు చూసుకుని వెళ్ళిరా" అన్నారు, అంతే. పనులు చూసుకునేసరికి మధ్యాహ్నం భోజనాలై, గిన్నెలు తోమి సర్దడం కూడా అయ్యేది. మళ్ళీ బడి పిల్లలు వచ్చేలోగా, మామగారి సాయంత్రం టీ వేళకి, ఇంట్లో ఉండాలి. మధ్యలో మిగిలిన ఆ కాస్తే ఆమెది. సరిగ్గా ఆ కాస్త సమయంలోనే నెలలు నిండని పిల్లల వార్డులో దీపాలు తగ్గించేవాళ్ళు.

బిడ్డ అంత ముందుగా ఎందుకు పుట్టేసిందో డాక్టర్లు తేల్చి చెప్పలేకపోయారు. అత్తగారు తేల్చేసింది. "ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోమంటే విన్నావా?" ఆ మాటకి ఆమెకి కోపం రాలేదు. తప్పు ఎక్కడ చేశానా అని నిజాయితీగా గుర్తు తెచ్చుకోబోయింది. నొప్పులు వచ్చినప్పుడు వాన మొదలవుతుంటే మేడ మీద ఆరేసిన దుప్పట్లు తీస్తోంది. తడిస్తే తడిశాయిలే, రా, అని ఎవరైనా అని ఉంటే వదిలేసి వచ్చేదేమో. ఎవరూ అనలేదు. అంతకన్నా వింత, తనకి తనూ అనుకోలేదు. తప్పంటూ ఉంటే అదేనేమో అని అప్పట్లో సరిపెట్టుకుంది.

"ఎంతసేపైనా కూర్చో. నిద్రలో ఉంటే మాత్రం ముట్టుకోకు" అని వార్డులో సిస్టర్ మొదటి రోజే చెప్పింది. అక్కడ ఏళ్ళ తరబడి ఉన్న మనిషి. మాట సగం లోపలే దాచుకున్నంత మెల్లగా మాట్లాడుతుంది. "ఇంకా నీ కడుపులో ఉండాల్సిన పిల్ల అమ్మా ఇది. నిద్రలోనే దీని మెదడు తయారయ్యేది. ఊరికే లేపామనుకో, ఒంటికి పట్టాల్సిన బలమంతా ఉలికిపాటుకే పోతుంది." అందుకని తప్పనిసరి అయితే తప్ప బిడ్డని కదిలించేవాళ్ళు కాదు. తనంతట తాను లేచినప్పుడే తుడవడం, బట్ట మార్చడం, పాలు పట్టడం అన్నీ ఒక్కసారిగా చేసేవాళ్ళు. పిల్లల్ని పడుకోబెట్టిన గాజుపెట్టెల మీద వెలుతురు పడకుండా దళసరి గుడ్డలు కప్పేవాళ్ళు. పెట్టె మీద మందుసీసా కూడా పెట్టనిచ్చేవాళ్ళు కాదు, లోపలున్న వాళ్ళకి అది పిడుగు పడ్డట్టు వినపడుతుందట. ఒకసారి పెద్ద డాక్టరుగారి బూట్లు కిర్రుమన్నాయి. ఆయన నాలిక కరుచుకుని, గుమ్మం దగ్గరే బూట్లు విప్పేసి, చిరుగున్న మేజోళ్ళతో పిల్లిలా అడుగులేసుకుంటూ లోపలికొచ్చాడు.

ఆమె నవ్వుకుంది. ఇంటికి వెళ్ళే బస్సులో మాత్రం ఆ మేజోళ్ళే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చాయి. ఒకళ్ళ నిద్ర కోసం ఇంతమంది ఊపిరి బిగబట్టి నడవడం ఆమె బుద్ధెరిగాక చూడలేదు. పెళ్ళయ్యాక ఆమె నేర్చుకున్నది నిద్రపోతూ కూడా వినడం. పాలు పొంగే చప్పుడు, గేటు గొళ్ళెం, మామగారి దగ్గు, పక్కగదిలో పిల్లల ఏడుపు, అన్నీ కలల్లోకి వచ్చి పోయేవి. ఒకసారి జ్వరంతో పడుకుంటే భర్త గుమ్మంలోకి వచ్చి, "పడుకున్నావా? సరే సరే, పడుకో. ఆ బీరువా తాళాలెక్కడ పెట్టావో చెప్పేసి పడుకో" అన్నాడు. చెడ్డవాడు కాడు. ఆ మాట ఎంతో మెత్తగానే అన్నాడు. బిడ్డని చూస్తే ఆమెకి జాలి కలిగేది, భయం కలిగేది. వాటి అడుగున ఇంకేదో కూడా కదిలేది. అది అసూయ అని ఒప్పుకోవడానికి ఆమెకి చాలా రోజులు పట్టింది. కన్నకూతురి మీద అసూయ ఏమిటి, అని తనని తానే అసహ్యించుకుంది. అయినా అది పోలేదు. గట్టిగా చూస్తే గుప్పెడు ఒళ్ళు లేదు దానికి. అంత వార్డునీ నోరెత్తనివ్వకుండా పడుకుంది.

ఇంకా పేరు పెట్టలేదు కాబట్టి వార్డులో అందరూ దాన్ని "గుప్పెడు" అనే పిలిచేవాళ్ళు.

పక్క పెట్టెలో బాబు తల్లి బట్టలు కుట్టే దర్జీ. గాజుపెట్టెల మీది గుడ్డలు ఈవిడ కుట్టిపెట్టినవే. ఆస్పత్రిలోనే తల్లుల గదిలో మంచం తీసుకుని ఉంటోంది.

"నిన్న మా ఆయన వచ్చి వీణ్ణి చూసి ఏమన్నాడో తెలుసా?" అంది ఓ రోజు దర్జీ, ఆమె చెవి దగ్గరికి వంగి. "'ఎప్పుడు చూసినా పడుకునే ఉంటాడేంటే, అచ్చం మీ తమ్ముడే' అన్నాడు. వీడు బతికి బట్టకడితే చాలని నేనుంటే, ఈయనకి మా తమ్ముడు గుర్తొచ్చాడు!" నవ్వు బయటికి రాకుండా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కాస్త తేరుకుని, "నువ్వూ ఇక్కడే ఉండిపోరాదూ? మంచాలు ఖాళీగానే పడున్నాయి" అంది.

"మా ఇంట్లో కుదరదులే అక్కా."

భర్తని ఒకసారి అడిగి చూసింది కూడా. "అంత ఇల్లు పెట్టుకుని ఆస్పత్రిలో పడుండటమేంటి? మనకేం ఖర్మ?" అన్నాడు.

వీడియో తెమ్మన్న రోజు ఆమె కుర్చీలో చాలాసేపు కూర్చుంది. ఫోన్ ఒళ్ళో ఉంది. సిస్టర్ వార్డు అటు చివర ఎవరి పెట్టె దగ్గరో వంగి ఉంది. దర్జీ కునికిపాట్లు పడుతోంది. ఇంటికి వెళ్ళే వేళ దగ్గర పడుతోంది. ఉత్త చేతులతో వెళ్తే అత్తగారు ఏ మాట అంటుందో, దానికి భర్త ఏ మాట అందిస్తాడో ఆమెకి ముందే వినపడుతోంది. అది ఒక్కటే అయితే ఓర్చుకునేదేమో. ఇన్ని రోజులుగా ఈ గాజు ముందు కూర్చుని వెళ్తోంది, ఒక్కసారైనా అది తన వైపు చూస్తే, తను దీనికి అమ్మనన్న సంగతి తనకే నమ్మకం కుదురుతుందని కూడా ఉంది.

గుడ్డ అంచు ఎత్తింది. బిడ్డ మొహం మీద వెలుతురు పడి రెప్పలు ముడుచుకున్నాయి. తెరుచుకోలేదు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చెయ్యి పెట్టెకున్న చిన్న తలుపులోంచి లోపలికి పోనిచ్చి, బిడ్డ కాలి బొటనవేలు పట్టుకుని కదిపింది.

"లే తల్లీ. ఒక్కసారి చూసేసి పడుకో."

బిడ్డ ఉలిక్కిపడింది. రెండు చేతులూ పైకి లేచి, పడిపోతూ దేన్నో పట్టుకోబోయినట్టు విచ్చుకున్నాయి. ఏడవలేదు. ఎగసిపడుతున్న రొమ్ము ఆగింది. పెదాల చుట్టూ బూడిదరంగు కమ్ముకొచ్చింది. మానిటర్ మోగడం మొదలుపెట్టింది.

సిస్టర్ ఎప్పుడొచ్చిందో తెలీదు. ఫోన్ ఉన్న చేతిని మోచేత్తో పక్కకి తప్పించి, ఆక్సిజన్ కాస్త పెంచి, బిడ్డ వీపు వేలితో రుద్దింది. రొమ్ము మళ్ళీ కదిలింది. అప్పుడు ఒక అరచేయి తల మీద ఉంచి, రెండో అరచేతిలోకి కాళ్ళు ముడిచి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నిమరలేదు, ఊపలేదు, జోకొట్టలేదు. రంగు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. మోత ఆగింది. సిస్టర్ చేతులు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి.

ఆమె గోడకి ఆనుకుని తన చేతినే చూసుకుంటోంది. బొటనవేలు పట్టుకుని లేపాలని ఈ చేతికి ఎవరు చెప్పారు? బుగ్గ తట్టొచ్చు, భుజం తట్టొచ్చు, చెవిలో పిలవొచ్చు. చెయ్యి అవేవీ వెతుక్కోలేదు, తిన్నగా అక్కడికే పోయింది. రాత్రిపూట ఏదైనా కావాల్సొస్తే ఆమె భర్త అలాగే లేపుతాడు. మంచం చివర నిలబడి, బొటనవేలు పట్టుకుని కదిపి వెళ్ళిపోతాడు. పిలవడు, గొంతెందుకు వృథా అన్నట్టు. నెలల కడుపుతో, తెల్లారేదాకా నిద్రపట్టక అప్పుడే కన్ను మూతపడ్డప్పుడు కూడా అలాగే లేపాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆమెకి అది తప్పనిపించలేదు. మనిషిని లేపడమంటే అదేననుకుంది. ఆ అనుకోవడం ఎవరూ నేర్పకుండానే ఇప్పుడు తన చేతిలోంచి కూతురి కాలి దాకా వచ్చేసింది.

"ఎవరడిగారమ్మా వీడియో?" అంది సిస్టర్, తల తిప్పకుండానే. తిట్టలేదు. తిడితే బావుండేది.

"ఇంట్లో. చూపుందో లేదోనని..."

"చూపుకేం, బాగానే ఉంది. రోజూ నన్ను చూస్తుందిగా." సిస్టర్ ఆ మాట ఏ ఉద్దేశమూ లేకుండానే అంది. "సాయంత్రం తనే లేస్తుంది. తుడిచి, బట్ట మార్చి, నువ్వు తెచ్చిన పాలు గొట్టంలో పోస్తానా, అవి దిగేదాకా నా మొహమే చూస్తూ ఉంటుంది. నువ్వుంటే ఈపాటికి నీ గుండె మీద పడుకోబెట్టేదాన్ని. ఆ వేళకి నువ్వెప్పుడూ ఉండవు."

"ఆ వేళకి మా ఇంట్లో..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. మామగారికి టీ పెట్టాలి. పిల్లలకి తలుపు తియ్యాలి. ఆరిన బట్టలు మడతపెట్టాలి. ఒక్కొక్కటే నాలిక చివరిదాకా వచ్చి, గాజులోని బిడ్డని చూసి వెనక్కి పోయింది. ఆ మూడింటిలో ఒక్కటీ ఆ వార్డులో నోరు తెరిచి చెప్పేలా లేదు.

ఫోన్‌ని సంచి అడుగున పడేసి, వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. ఇంటికి వెళ్ళే బస్సు వేళ దాటిపోయింది. కిటికీ అవతల ఎండ రంగు మారడం ఆమె ఆ వార్డులో కూర్చుని ఎన్నడూ చూడలేదు. ఒళ్ళోని సంచిలో ఫోన్ జుమ్మని అదిరి, ఆగి, మళ్ళీ అదిరింది. దర్జీ ఒక కన్ను తెరిచి చూసి, "నీ ఒళ్ళో ఏదో తుమ్మెద ఉంది" అని మళ్ళీ కన్ను మూసుకుంది.

చీకటి పడే ముందు గాజుపెట్టెలో ఒక చిన్న కదలిక. పిడికిలి మొహం మీదికి వచ్చింది. నుదుటి మీద ముసలివాళ్ళకుండే ముడత పడింది. ఆ తరువాత, ఏ తొందరా లేకుండా, రెండు కళ్ళూ తెరుచుకున్నాయి. ఇంత మొహంలో అంత నల్లటి కళ్ళు ఎక్కడ పట్టాయో! ఆమె ముందుకి వంగింది. ఆ కళ్ళు ఆమె మీదుగా, ఆమె వెనకున్న గోడ మీదుగా, పైకప్పు మీదుగా నెమ్మదిగా తిరుగుతున్నాయి.

"లేచావా గుప్పెడూ?" అంది సిస్టర్ అటు వైపు నుంచి.

కళ్ళు ఆగాయి. తల కొంచెంగా, ఎంతో కష్టపడి, ఆ గొంతు వైపు తిరిగింది.

సిస్టర్ అది గమనించింది. గమనించి, ఒక అడుగు వెనక్కి వేసి, చేత్తో ఆమెకి సైగ చేసింది, నువ్వు మాట్లాడు అన్నట్టు. ఆమె నోరు తెరిచింది. ఏం మాట్లాడాలో తెలియలేదు. వస్తున్నా, ఇదిగో, ఒక్క నిమిషం, అయిపోయిందండీ... రోజంతా ఆమె నోటి వెంట వచ్చే మాటలివే. వీటిలో బిడ్డకి చెప్పేది ఒక్కటీ లేదు. "నేను..." అంది చివరికి. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేనే." బిడ్డ తల తిప్పలేదు. ఆ గొంతున్న మనిషి ఎప్పుడూ తను నిద్రపోతుండగా వచ్చి, మాట్లాడకుండా కూర్చుని, వెళ్ళిపోయేది మరి. దానికి ఎలా తెలుస్తుంది?

"ఇవాళ గుండె మీద వద్దులే, బాగా అలిసిపోయింది" అంది సిస్టర్ పాలు పోస్తూ. "రేపు చూద్దాం."

పాలు దిగేదాకా చూసి, కళ్ళు మళ్ళీ మూతపడ్డాక, ఆమె వరండాలోకి వచ్చి ఫోన్ ఎత్తింది.

"ఎక్కడున్నావ్ అసలు? ఇన్నిసార్లు చేస్తే తియ్యవేం? నాన్నకి ఇంతవరకు టీ లేదు, వదిన వచ్చి పిల్లలు గేటు బయట కూర్చున్నారని ఒకటే గొడవ. వీడియో తీశావా?"

"కళ్ళు తెరిచిందండీ. చూపు బాగుంది."

"హమ్మయ్య. పంపు మరి."

"తియ్యలేదు. ఇవాళ నేను రావట్లేదండీ. ఇక్కడ తల్లుల గదిలో మంచం ఇస్తారు. ఉంటాను."

"ఉంటానంటే? ఎన్నాళ్ళు? చెప్పాపెట్టకుండా ఇదేంటి? ఇక్కడ అమ్మ ఒక్కతే ఎంతని చేస్తుంది?" ఆ వెంటనే, నిజంగానే దిక్కుతోచని గొంతుతో, "పొద్దున నన్నెవరు లేపుతారు?" అన్నాడు.

ఆమెకి నవ్వు రాలేదు. గుమ్మం అద్దంలోంచి లోపల గాజుపెట్టె మీద గుడ్డ సర్దుతున్న సిస్టర్ కనిపిస్తోంది.

"దానికి నా గొంతు తెలీదండీ" అంది ఆమె. "తెలిసేదాకా రాను."